పాలిటీ ఏడో క్యాసెట్ చివరి పాట

ఆ సోమవారం పొద్దున విఠల్ వేసుకున్న ప్లానులో పొరపాటుకు ఎక్కడా చోటు లేదు. ఎనిమిదింటికి ఉప్మా తినాలి. తొమ్మిదింటికి అశోక్ నగర్‌లో ఉమాకాంత్ స్టూడియోకు చేరాలి. పన్నెండింటికల్లా పాట రికార్డింగు ముగించుకొని, ఒంటి గంటకు చిక్కడపల్లిలో తన క్యాసెట్ల దుకాణం తెరవాలి. సాయంత్రం ఆరింటికి భార్య మనోరమ నారాయణగూడ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు టైపు నేర్పడం ముగించుకొని అటుగా నడిచి వస్తుంది. ఆమె దుకాణం ముందుకు రాగానే బయట వేలాడే రెండు స్పీకర్లలోంచి తన పాట మోగాలి. ఇరవై ఏళ్లుగా ఆమె తప్పించుకుంటున్న ప్రశ్న ఒకటి ఆ పాటలో ఉంది. నడిబజారులో, పదిమంది వింటుండగా అడిగితే ఎట్లా తప్పించుకుంటుందో చూద్దామనుకున్నాడు.

ప్రశ్న చాలా చిన్నది. డెబ్బై ఏడులో విఠల్ ఇంటింటికీ తిరిగి రేడియోలు బాగుచేసేవాడు. నల్లకుంటలో మేడ మీద ఉండే మనోరమ వాళ్ల రేడియో కూడా అతనే చూసేవాడు. ఒకనాడు రేడియో పని ఏమీ లేకుండానే, మనసులో మాట చెప్పేయాలని వెళ్లి తలుపు కొట్టాడు. తలుపు తెరుచుకోలేదు. కింద ఇంటివాళ్లకు చప్పుడు వినపడకుండా చెప్పులు చేతిలో పట్టుకొని దిగిపోయాడు. ఇరవై రెండు రోజుల తర్వాత రేడియో పాడైందని ఆమే కబురు పెట్టింది. వెళ్లి చూస్తే లోపల సెల్లులు తలకిందులుగా ఉన్నాయి. ఆ పైన పెళ్లయింది, ఇరవై ఏళ్లూ గడిచాయి. "ఆనాడు ఇంట్ల ఉన్నవా, లేవా?" అని అడిగినప్పుడల్లా మనోరమది ఒకటే జవాబు: "కూరగాయలకు పోయిన." ఇరవై ఏళ్లలో ఆ కూరగాయలు ఎండలేదు, వాడలేదు.

విఠల్ ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాడు. కాబట్టి అతను పాట రాశాడని తెలియగానే, చదువుకున్న ప్రతివాడికీ నవ్వే హక్కు వచ్చేసింది. అతను మాత్రం ఎవడి నవ్వునూ లెక్కచేయలేదు. పదిహేనేళ్లుగా జనం చీటీల మీద రాసుకొచ్చిన పాటలను ఖాళీ క్యాసెట్ల మీదికి ఎక్కించి ఇవ్వడమే అతని బతుకు. చిక్కడపల్లి, కవాడిగూడ, అడిక్‌మెట్ కుర్రాళ్ల ప్రేమలన్నీ అతని చేతి మీదుగా నడిచినవే. చీటీ చూసి, ఆ ప్రేమ ఎన్ని వారాలు నిలుస్తుందో చెప్పగలడు. వెన్నెల పాటలు ఐదు దాటితే ఆ పిల్ల దక్కదని అతని అనుభవం. చంద్రుణ్ణి పదిహేనేళ్లు కూలికి మోసినవాడికి చంద్రుడంటే ఎంత గౌరవం ఉంటుందో, విఠల్‌కూ అంతే ఉంది.

ఉమాకాంత్ స్టూడియో అంటే మేడ మీద ఒక గది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, కిటికీకి అడ్డంగా ఒక పరుపు, మధ్యలో ఒక కీబోర్డు. ఫ్యాను చప్పుడు పాటలో పడుతుందని ఫ్యాను ఆపేస్తారు కాబట్టి, అక్కడ ఎంత గొప్ప పాటైనా ఊపిరి ఆగేలోపల ముగియాలి. హిందీలో సినిమాతో సంబంధం లేని పాప్ పాటలు మస్తుగా నడుస్తున్నాయని, తెలుగులో మనమే మొదలుపెడదామని విఠల్‌ను ఎగదోసింది ఉమాకాంతే. పాడటానికి, పెళ్లి ఆర్కెస్ట్రాలో పాడే సృజన్‌ను పిలిపించాడు. సృజన్ పాట కాగితం చదివి, తిరగేసి, వెనకవైపు ఇంకేమైనా ఉందేమో చూశాడు.

"అన్నా, ఇది ప్రేమ పాటనా?"

"కాదా మరి?"

"వెన్నెల లేదు, మల్లెపూలు లెవ్వు. మెట్లున్నయి, చెప్పులున్నయి, సెల్లులున్నయి. సామాన్ల చీటీ లెక్కున్నది."

"పట్టపగలు పదకొండింటికి పోయిన తమ్మీ. వెన్నెల ఏడికెళ్లి తేవాలె?"

"సరే, అది పోనియ్. 'వచ్చిన, కొట్టిన' అని కాకుండ 'వచ్చాను, కొట్టాను' అని పాడత, సాఫ్‌గ ఉంటది. ఈ మాటలు సినిమాల హీరో పాడడన్నా. హీరో పక్కన నవ్వించేటోడు పాడతడు."

విఠల్ చెయ్యి చాపాడు. "నా కథల పక్కనోడు లేడు. మెట్లెక్కింది నేనొక్కన్నే. మన మాటల ప్రేమ చెప్పే హీరో సినిమాలల్ల లేడంటే తప్పు మాటది కాదు, సినిమాది. కాగితం ఇటియ్యి."

"మరి ఎవరు పాడతరు?"

"తలుపు ఎవడు కొట్టిండో వాడే పాడతడు."

సృజన్ చేతులెత్తి దండం పెట్టి మెట్లు దిగిపోయాడు. విఠల్ మైకు ముందు నిలబడి, కళ్లు మూసుకొని పాడాడు.

పన్నెండు మెట్లెక్కి వచ్చిన పిల్లా
ఆరుసార్లు నీ తలుపు కొట్టిన
ఒక్కసారన్న తియ్యకపోతివి
చెప్పులు చేతబట్టి దిగిపోయిన
ఉన్నవా పిల్లా, లేవా?

ఇరవై రెండు రోజులు ఇటు దిక్కు రాకుంటే
సెల్లులు తలకిందులు పెట్టుకుంటివి
రేడియో పాడైందని కబురంపితివి
ఉరికొచ్చిన నన్ను ఎరుగనట్టుంటివి
ఉన్నవా పిల్లా, లేవా?

మూడోసారికి పాట ఒక దారికి వచ్చింది. ఉమాకాంత్ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అన్నాడు: "గొంతు రేకు డబ్బా లెక్కున్నది గని అన్నా, లోపట మనిషి ఉన్నట్టు ఎరుకైతున్నది." విఠల్‌కు జీవితంలో దొరికిన మొదటి సమీక్ష అది. క్యాసెట్‌ను జేబులో పెట్టుకొని దుకాణానికి వచ్చాడు.

అక్కడ కిషన్ రావు పని ఎదురుచూస్తోంది. కిషన్ రావుది అశోక్ నగర్‌లో స్టడీ సర్కిల్. గ్రూప్ పరీక్షలకు చదివే పల్లెటూరి పిల్లలకు ఆయన రాజ్యాంగం, అంటే వాళ్ల భాషలో పాలిటీ, చెబుతాడు. క్లాసులో కూర్చోలేనివాళ్ల కోసం పాఠాలను క్యాసెట్లుగా కూడా ఇస్తాడు. ఆ కాపీలు తీసేది విఠలే. ఆ రోజు ఏడో క్యాసెట్ రెండు వందల కాపీలు ఐదింటికల్లా కావాలి.

మాస్టర్ క్యాసెట్‌ను విఠల్ డెక్కులో పెట్టి, చివరంటా పాఠం శుభ్రంగా వినపడుతోందో లేదో చూసుకున్నాడు. కిషన్ రావు గొంతు గంభీరంగా పలికింది: "ఇప్పుడు రాజ్యాంగం మొత్తాన్ని ఒక్క ఊపులో గుర్తుపెట్టుకునే కొండగుర్తు ఒకటి చెబుతాను. జాగ్రత్తగా వినండి." అక్కడికి పాఠం ఆగింది. ఆ కొండగుర్తేదో ఎనిమిదో క్యాసెట్‌లో వస్తుంది. ఏడోదాని చివర నాలుగు నిమిషాల టేపు ఖాళీగా మిగిలింది.

విఠల్ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి క్యాసెట్‌లోనైనా చివర టేపు మిగిలితే, వాళ్లు అడగకపోయినా ఒక పాట కొసరు వేసి ఇస్తాడు. ఖాళీ టేపు తిరుగుతుంటే అతని చెయ్యి ఊరుకోదు. ఇప్పుడు తన పాట తన డెక్కులో ఎట్లా పలుకుతుందో విందామని పక్క డెక్కులో పెట్టి ప్లే నొక్కాడు. కళ్లు మూసుకున్నాడు. మెట్లెక్కాడు, తలుపు కొట్టాడు. అతను నల్లకుంట మేడ మీద ఉండగానే, చిక్కడపల్లిలో ఉన్న అతని కుడిచెయ్యి పదిహేనేళ్ల అలవాటు ప్రకారం మాస్టర్ మీద రికార్డు మీట నొక్కేసింది. పాట అయిపోగానే అదే చెయ్యి మీట ఆపేసింది. యజమానికి సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత కాపీలు మొదలయ్యాయి. కాపీ యంత్రం టేపును గబగబా తిప్పుతుంది. ఆ వేగంలో రాజ్యాంగమైనా ప్రేమైనా పిచ్చుకల గోలలాగే వినపడుతుంది. ఐదింటికి రెండు వందల క్యాసెట్లు అట్టపెట్టెలో అశోక్ నగర్ వెళ్లిపోయాయి.

ఆరింటికి మనోరమ వచ్చింది. స్పీకర్లు మోగాయి. చేతిలో గొడుగు, భుజాన సంచితో ఆమె పాట అయిపోయేదాకా కదలకుండా నిలబడింది. పక్కన మిర్చి బజ్జీల బండి ముందు జనం కూడా బజ్జీ నోటికి సగం దూరంలో ఆపి విన్నారు.

"ఏమంటవ్?" అన్నాడు విఠల్.

ఆమె గొంతు సవరించుకుంది. "గొంతు బాగలేదు," అంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "రేపు చెప్త."

కూరగాయలు అనలేదు! ఇరవై ఏళ్లలో మొదటిసారి కూరగాయలు అనలేదు. విఠల్ ఆ సంతోషంలో మరునాడు పొద్దున్నే, ఉమాకాంత్‌తో చెబుదామని అశోక్ నగర్ బయలుదేరాడు.

సందు మలుపు తిరగగానే పాట వినపడింది. ఒక హాస్టల్ కిటికీలోంచి కాదు, వరసగా నాలుగు హాస్టళ్ల కిటికీల్లోంచి. నల్లా దగ్గర పళ్లు తోముకునేవాడు పాడుతున్నాడు, డాబా మీద లుంగీ ఆరేసేవాడు పాడుతున్నాడు. "ఆరుసార్లు నీ తలుపు కొట్టిన..." విఠల్‌కు కాళ్లు నేల మీద ఆనలేదు. ఒక్క రోజులో! కంపెనీ లేదు, పోస్టరు లేదు, మనిషి మాట మనుషులకు అంటుకుంది! చదువుకున్నవాళ్లంతా ఇప్పుడొచ్చి చూడాలి అనుకున్నాడు. పాట ఇంత తొందరగా ఊరెక్కడం ఎట్లాగో మాత్రం అతని బుర్రకు తట్టలేదు. పొగడ్త వచ్చేటప్పుడు అది ఏ దారిన వచ్చిందని అడిగే అలవాటు, అది ఎన్నడూ రానివాళ్లకు ఉండదు.

మెట్ల మీద ఒక సన్నటి కుర్రాడు నోటుబుక్కు పట్టుకొని కళ్లు మూసి పాడుతున్నాడు. పేరు కరుణాకర్, మెదక్ జిల్లా నుంచి వచ్చి రెండేళ్లుగా చదువుతున్నాడు.

"బాగున్నదా తమ్మీ పాట?" అన్నాడు విఠల్.

"మస్తుగున్నదన్నా. ఏండ్లసంది బట్టీ కొడుతున్న, ఎన్నడు ఇట్ల తలకెక్కలే."

"ఏం తలకెక్కలే?"

"పాలిటీ. పన్నెండు మెట్లంటే పన్నెండు షెడ్యూళ్లు. ఆరుసార్లు కొట్టుడంటే ఆరు ప్రాథమిక హక్కులు. ఇరవై రెండు రోజులంటే రాజ్యాంగంల ఇరవై రెండు భాగాలు."

విఠల్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. "చెప్పులు?"

"రెండుంటయి గద అన్నా. లోక్‌సభ, రాజ్యసభ."

"సెల్లులు తలకిందులు పెట్టుడు?"

"పార్టీ ఫిరాయింపులు. పదో షెడ్యూలు. రేడియో అయితే కేంద్ర జాబితాల ఉంటది, అది అందరికి ఎరుకే." కరుణాకర్ గొంతు తగ్గించాడు. "'ఉన్నవా పిల్లా, లేవా' అనేది జర కష్టమొచ్చింది. మా రూముల నలుగురం కొట్లాడుకొని తేల్చినం. అది కోరం. సభల సరిపోను మంది ఉన్నరా, లేరా అని."

"అరె, అది నేను రాసిన పాటరా! ప్రేమ పాట!"

కరుణాకర్ నోటుబుక్కు మూసి లేచి నిలబడ్డాడు. కాళ్లకు మొక్కబోయాడు. "మీరా సార్ రాసింది? క్యాసెట్ల కిషన్ రావు సార్ కొండగుర్తు చెప్తా అన్నడు, గంతలనే పాటొచ్చింది. సార్ గొంతు కాదని అనుకున్నం. మీరు ఏ సబ్జెక్టు సార్?"

అప్పుడు విఠల్ తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. చెయ్యి ఏమీ తెలియనట్టు మోకాలి మీద ఉంది.

గబగబా ఇంటికి వెళ్లాడు. అప్పటికే ఆలస్యమైంది. పక్కింటి అనసూయమ్మ అశోక్ నగర్‌లో ఒక హాస్టల్‌కు వంట చేస్తుంది. తెల్లవారగానే ఇడ్లీలు పెడుతూ పాటను నాలుగుసార్లు విని, దాని అర్థం కూడా తెలుసుకొని, వచ్చి మనోరమకు అప్పజెప్పేసింది. మనోరమ వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో గొడుగు లేదు గానీ, ఎత్తి పట్టుకున్నట్టే ఉంది.

"కోరమట కదా," అంది.

"మనోరమా, జర విను..."

"ఏం వినాలె? కిషన్ రావు సార్ పైసలిచ్చి రాజ్యాంగం మీద పాట రాయించుకున్నడు. అది నా మీద రాసినవని బజార్ల నిలబెట్టి వినిపించినవ్. నేను పిచ్చిదాని లెక్క గొడుగు పట్టుకొని నిలబడ్డ. ఆ చెప్పులు గూడ నీవి కావట, పార్లమెంటువట!"

"ఆ మెట్లు మీ ఇంటివి కావా? లెక్కపెట్టుకో పో!"

"ఎవల మెట్లయినా పన్నెండు ఉండొచ్చు."

"నిన్న ఏదో చెప్త అంటివి?"

"నిన్న చెప్పేదుండె. ఇయ్యాల కూరగాయలకు పోవాలె." సంచి తీసుకొని నిజంగానే వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి కిషన్ రావు దుకాణానికి వచ్చాడు. సఫారీ సూటు, చేతిలో ఏడో క్యాసెట్, ముఖం ఎర్రగా ఉంది.

"ఏందయ్యా ఇది విఠల్? నా పాఠం చివరన ఎవడో ఏడుస్తున్నాడు! నా పేరు, నా ప్రతిష్ఠ..."

"ఏడుస్తలే సార్, పాడుతున్న. నా తప్పే. క్యాసెట్లు తెప్పియ్యుండ్రి, పాట చెరిపి మల్ల కాపీలు చేసిస్త."

ఆ మాట పూర్తికాకముందే పదిమంది కుర్రాళ్లు దుకాణం ముందుకు వచ్చారు. వాళ్లలో ఐదుగురు వేరే స్టడీ సర్కిళ్ల వాళ్లు. "సార్, ఆ కొండగుర్తు పాట క్యాసెట్ మాకు గూడ కావాలె. మీ దగ్గర చేరితేనే ఇస్తరా సార్?"

కిషన్ రావు ముఖంలో ఎరుపు మెల్లగా దిగిపోయింది. క్యాసెట్‌ను ఒకసారి చూశాడు, విఠల్‌ను ఒకసారి చూశాడు. తర్వాత కుర్రాళ్ల వైపు తిరిగి, పాఠం చెప్పే గొంతుతో అన్నాడు: "మన విఠల్ గారితో ఆరు నెలలు దగ్గర కూర్చొని రాయించాను. చెరపడమేమిటి! ఒక్క అక్షరం చెరగదు."

పదిహేనేళ్లలో కిషన్ రావు అతణ్ణి 'గారు' అనడం అదే మొదలు. విఠల్‌కు అది గౌరవంలా అనిపించలేదు. తన తల మీద వేరేవాడి టోపీ పెడుతున్నట్టు అనిపించింది.

"సార్, అది నా పెండ్లాం మీద రాసిన పాట."

"అట్లనే అనాలి. అదే దాని గొప్పతనం," అన్నాడు కిషన్ రావు, కుర్రాళ్లకు కన్నుగీటి.

ఆ వారమంతా విఠల్ కాదన్నకొద్దీ పాట పెరిగింది. ప్రేమ పాటే అని ఒట్టు వేస్తే, పరీక్ష పేపరు తయారుచేసేవాళ్లతో ఇతనికి పరిచయముందని, అందుకే దాస్తున్నాడని హాస్టళ్లలో పుకారు లేచింది. కోపంతో తిడితే ఆ తిట్టును కూడా ఒకడు రాసుకున్నాడు. నల్లకుంట నుంచి ఒక స్టడీ సర్కిల్ ఆయన వచ్చి, జాగ్రఫీ మీద కూడా ఒకటి రాయమని, కొండలు వద్దు, నదులు చాలని బతిమాలాడు. కవాడిగూడ నుంచి ఒక తండ్రి కొడుకును తీసుకొచ్చి తలమీద చెయ్యి పెట్టించాడు. ఇంట్లో మాత్రం మనోరమ అతనితో అవసరమైనంతే మాట్లాడేది: ఉప్పు, నీళ్లు, గ్యాసు.

శనివారం కిషన్ రావు ఒక కవరు నమూనా పట్టుకొచ్చాడు. దాని మీద 'రాజ్యాంగ గీతం' అని, కింద 'రచన: ప్రొఫెసర్ విఠల్' అని అచ్చు వేయించాడు. రేపు పొద్దున పదింటికి నారాయణగూడలో ఒక హాలులో విడుదల సభ. "నువ్వు స్టేజీ మీద కూర్చొని, అవును అంటే చాలు. ఏడో తరగతి వాణ్ణి ప్రొఫెసర్‌ను చేస్తున్నా. ఇంకెవడైనా చేస్తాడా?"

విఠల్ ఆ అట్టను చాలాసేపు చూశాడు. ఇంగ్లీషులో చీటీ రాసుకొచ్చి "చదవొస్తదా?" అని అడిగిన కుర్రాళ్లందరూ గుర్తొచ్చారు. ఈ అట్టను దుకాణంలో తగిలిస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయి. కానీ దాన్ని తగిలిస్తే, మనోరమ కోసం తను ఎక్కిన మెట్లు పోతాయి.

"వస్త సార్. నా చేతికి మైకు ఇస్తరా?"

"ఎందుకియ్యను!" అన్నాడు కిషన్ రావు.

ఆదివారం హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక కిటికీల మీద కూర్చున్నారు. కిషన్ రావు గంటసేపు ఒక్కో చరణం విప్పి చెప్పాడు. మనోరమను అనసూయమ్మ లాక్కొచ్చి చివరి వరసలో కూర్చోబెట్టింది. విఠల్ ఆమెను చూశాడు. ఆమె అతన్ని చూడకుండా పైన ఫ్యానును చూసింది. అప్పుడతను లేచి మైకు అందుకున్నాడు.

"నేను ఏడో తరగతి గూడ పూర్తి చెయ్యలే. రాజ్యాంగం చదువలే. ఇది నా భార్య మీద రాసిన ప్రేమ పాట. పన్నెండు మెట్లంటే పన్నెండు సిమెంటు మెట్లు. చెప్పులంటే చెప్పులు. ఎడమ చెప్పుకు బొటనవేలు పట్టే ఉంగటం తెగి ఉండె, పిన్నీసు పెట్టుకున్న. దానికి పార్లమెంటుతోని ఏం సంబంధం లేదు. ఈ సార్ నన్ను ప్రొఫెసర్ అని అచ్చేసిండు, అది గూడ అబద్ధమే."

హాలు చప్పట్లతో మోగిపోయింది. వినయమనుకున్నారు. ముందు వరసలో కళ్లద్దాల కుర్రాడు లేచాడు. "సార్, ప్రేమ పాటైతే వెన్నెల ఏది? పూలు ఏవి? ఒక్కటన్న చూపియ్యుండ్రి."

"చూపియ్య!" అన్నాడు విఠల్. "పట్టపగలు పోయి తలుపు కొట్టినోనిది ప్రేమ కాదా? మీ అమ్మ మీ నాయనకు పొలంకాడికి సద్ది మోసుకపోయేటప్పుడు చంద్రుడు గిట్ల ఎంటవోయిండా? పెద్దపెద్ద పుస్తకాలు చదివినోళ్లకే ప్రేమ చెప్పొస్తదా, మాసోంటోళ్లకు రేడియోలు బాగుచేసుడే వస్తదా?"

కొందరు కుర్రాళ్లు తలలు వంచుకున్నారు. విఠల్ గెలిచినట్టే ఉంది. అంతలో కిషన్ రావు మైకు మీదికి వంగాడు. "గమనించారా? మూడు ప్రశ్నలు వేశారు. అత్యవసర పరిస్థితులు ఎన్ని రకాలు?"

"మూడు!" అని హాలంతా అరిచింది. పెన్నులు కదిలాయి.

విఠల్ మైకును బల్ల మీద పడేశాడు. ఇక తనకు ఈ ఊళ్లో భాష లేదనుకున్నాడు. దిగిపోదామని తిరిగేసరికి, వరసల మధ్య నుంచి మనోరమ నడిచి వస్తోంది. స్టేజీ ఎక్కి మైకు తీసుకుంది.

"ఆ తెగిన చెప్పు సంగతి పాటల లేదు," అంది ఆమె. "పిన్నీసు సంగతి అసలే లేదు. ఆనాడు ఆయన సందుల నిలబడి అది పెట్టుకుంటుంటె కిటికీల నుంచి చూసిన నాకు తప్ప ఇంకెవ్వలికి ఎరుక లేదు."

విఠల్ ఆమె వైపు తిరిగాడు. "కిటికీల నుంచా?"

"ఇంకోటి. పాటల తప్పున్నది. ఆరుసార్లు కొట్టలే. ఏడుసార్లు కొట్టినవ్."

"ఆరే."

"ఏడు. ఆరు కొట్టి, రెండు మెట్లు దిగి, మల్ల ఎక్కి ఒకటి కొట్టినవ్. నేను ఇవతల తలుపు గడె మీద చెయ్యి పెట్టుకొని లెక్కపెట్టిన."

విఠల్‌కు మైకు లేకపోయినా గొంతు చివరి వరస దాకా వినపడింది. "కూరగాయలకు పోయిన అంటివి!"

"నువ్వు ఇరవై ఏండ్లు నమ్మినవ్."

"మరెందుకు తియ్యలే?"

మనోరమ కొంగు సర్దుకుంది. "ఎనిమిదోసారి కొడితే తీద్దామనుకున్న. నువ్వు చెప్పులు చేతబట్టినవ్."

మనోరమ మైకును కిషన్ రావు చేతిలో పెట్టి, విఠల్ మోచెయ్యి పట్టుకుంది. సభకు తెలిసిపోయింది. ఇది ప్రేమ పాటే. కిషన్ రావు కూడా కుర్చీలో వెనక్కి ఒరిగిపోయి, కవరు నమూనాను ఫైలు కింద దాచుకున్నాడు. అప్పుడు కరుణాకర్ చెయ్యి ఎత్తాడు.

"మేడం, ఇది ఏ సంవత్సరం ముచ్చట?"

"డెబ్బై ఏడు."

"అయితే ఏడే కరెక్టు సార్!" కరుణాకర్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "ఆస్తి హక్కు తీసేసింది నలభై నాలుగో సవరణల, డెబ్బై ఎనిమిదిల. డెబ్బై ఏడుల ప్రాథమిక హక్కులు ఏడే ఉండె!"

హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కిషన్ రావు కవరు మళ్లీ బయటికి తీశాడు. ఆ గోలలో విఠల్, మనోరమ మెట్లు దిగి బయటికి నడిచారు.

వారం తిరగకముందే అశోక్ నగర్ కిటికీలన్నిట్లో పాట ఏడుసార్లు తలుపు కొట్టడం మొదలుపెట్టింది. ఎనిమిదోసారి సంగతి మాత్రం సిలబస్‌లో లేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు.